హైదరాబాద్ నుంచి అరకుకి స్కూటర్ మీద: బండిని సిద్ధం చేసిన తీరు, పట్టిన సమయం, అయిన ఖర్చు

జనవరి 21న మా ఆవిడ, నేను 125 సీసీ స్కూటర్ మీద హైదరాబాద్‌లో బయలుదేరి విజయవాడ, అన్నవరం, విశాఖపట్నం మీదుగా అరకు వెళ్లి, అదే దారిన తిరిగి వచ్చాం. చుట్టుపక్కల తిరిగినదంతా కలిపితే 1,600 కి.మీ. దాటింది. బండి కొని అయిదేళ్లు, మీటరు మీద అప్పటికే 26 వేల చిల్లర ఉంది. దారి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. బయలుదేరే ముందు బండికి ఏం చేయించాలి, దానికి ఎన్నాళ్లు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది అన్నదే నాకెక్కడా వరసగా దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు తేదీ సంగతి. ఎన్‌హెచ్ 65 మీద సంక్రాంతికి ముందు విజయవాడ వైపు, పండగయ్యాక హైదరాబాద్ వైపు పంతంగి టోల్ దగ్గర బళ్లు ఎలా ఆగిపోతాయో అందరికీ తెలుసు. స్కూటర్‌కి టోల్ లేదు, ఎడమ అంచున సన్నటి దారిలోంచి వెళ్లిపోవచ్చు. అయినా ఆ రద్దీలో తొందరగా పోయే కార్ల మధ్య చిన్న చక్రాల బండి నడపడం మంచిది కాదు. అందుకే తిరుగు రద్దీ కూడా తగ్గేదాకా ఆగాం. సిద్ధం చేయడం మాత్రం డిసెంబరు 10నే మొదలుపెట్టాం. అంత ముందుగా ఎందుకని చాలామంది అడిగారు. మార్చిన ప్రతి భాగమూ కొంత దూరం నడిచి కుదురుకోవాలి, ఒకటి బాగుచేస్తేనే రెండోదాని లోపం బయటపడుతుంది. చివరి వారంలో అన్నీ ఒకేసారి మార్చేసి హైవే ఎక్కితే ఆ కుదురుకోవడం హైవే మీదే జరుగుతుంది.

సర్వీసుకి బుక్ చేస్తే డిసెంబరు 14కి తేదీ ఇచ్చారు. ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి: జనరల్ సర్వీస్ అంటే ఆయిల్, వాటర్ వాష్, బ్రేకు బిగింపు. ఎడమవైపు సీవీటీ (ఇంజను బలాన్ని బెల్ట్ ద్వారా వెనక చక్రానికి అందించే భాగం) కవరు మనం అడిగితే తప్ప తెరవరు. స్కూటర్‌ దూరం వెళ్లగలదా లేదా అన్నది తేల్చేది ఆ కవరు లోపలి భాగాలే. ఇంజను ఎంత బాగున్నా బెల్ట్ తెగితే బండి అంగుళం కదలదు. ఆక్సిలరేటర్ ఇస్తే ఇంజను మోగుతుంది, చక్రం తిరగదు, అంతే. పైగా తెగిన బెల్ట్ పోగులు క్లచ్‌కి చుట్టుకుంటే వాటిని కోసి తీయడమే పెద్ద పని.

కాబట్టి "అన్నా, సీవీటీ తెరిచి నా ముందే చూపించు" అని అడిగాను. చుట్టూ ఉన్న 8 మి.మీ. బోల్టులు విప్పితే కవరు వచ్చేస్తుంది. లోపల నల్లటి బెల్ట్ పొడి. చూడాల్సినవి ఇవి. బెల్ట్‌ని వెనక్కి వంచితే పళ్ల సందుల్లో పగుళ్లు కనిపిస్తాయా? అంచులు మెరిసిపోయి, పోగులు లేచాయా? వెడల్పు మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుకంటే తగ్గిందా? వెడల్పు తగ్గితే తెగకపోయినా బెల్ట్ పుల్లీలో (అది చుట్టుకుని తిరిగే చక్రంలో) లోతుకి దిగిపోయి పికప్, టాప్ స్పీడ్ రెండూ పడిపోతాయి. మా మాన్యువల్‌లో బెల్ట్‌ని 24,000 కి.మీ.కి మార్చమని ఉంది. మాది ఆ హద్దు దాటింది, పగుళ్లు కూడా మొదలయ్యాయి. తర్వాత వేరియేటర్ (ఇంజను వైపు పుల్లీ) లోపలి రోలర్లు. గుండ్రంగా ఉండాల్సినవి ఒకవైపు అరిగి చదునవుతాయి. 40-50 మధ్య బండి వణికినట్టు లాగుతుంటే ఎక్కువగా కారణం ఇదే. ఆరింటినీ కలిపే మార్చాలి. పాతవి రెండు, కొత్తవి నాలుగు కలిపితే బరువులు తేడా వచ్చి వణుకు ఇంకా పెరుగుతుంది. వాటితోపాటు స్లైడ్ ముక్కలు (వేరియేటర్ పలక జారడానికి ఉండే ప్లాస్టిక్ ముక్కలు) కూడా. క్లచ్ షూ (వేగం పెరిగితే బయటికి తెరుచుకుని, బెల్ అనే గిన్నెని లోపలి నుంచి పట్టే ముక్క) మీద గాజులా మెరుపు వస్తే కదిలేటప్పుడు కుదుపు ఉంటుంది. మాది సన్నగా మెరుస్తోంది కానీ దళసరి ఉంది, గరుకు కాగితంతో రుద్ది, బెల్ లోపలి వైపు తుడిచి అలాగే ఉంచాం.

కవరు తెరిచినప్పుడు ఇంకొకటి చూడాలి: లోపల ఎక్కడైనా నూనె తడి ఉందా అని. వేరియేటర్ వెనక క్రాంక్ సీల్ (నూనె కారకుండా ఆపే రబ్బరు చుట్టు) గానీ, క్లచ్ వెనక గేర్‌బాక్స్ సీల్ గానీ కారుతుంటే కొత్త బెల్ట్ వేసినా జారుతుంది. మాది పొడిగా ఉంది.

బెల్ట్ స్టాక్‌లో లేదన్నారు. బయటి షాపుల్లో దొరికే చవక బెల్ట్ వెంటనే వేస్తామన్నారు, నేను వద్దన్నాను. కంపెనీ బెల్ట్ వచ్చేసరికి డిసెంబరు 23 అయింది. ఈలోగా బండి తిరుగుతూనే ఉంది, ప్రతి సిగ్నల్ దగ్గరా చెవి ఎడమవైపే ఉండేది. బెల్ట్ మీద బాణం గుర్తు గానీ, అక్షరాలు గానీ ఉంటాయి, తిరిగే దిక్కు దాన్ని బట్టే పెట్టాలి. పుల్లీ ముఖాలకి గ్రీజు గానీ, చేతి జిడ్డు గానీ తగలకూడదు. బెల్ట్ 650, రోలర్లు, స్లైడ్ ముక్కలు కలిపి 350, కూలి 500 అయింది. పగుళ్లున్నా తెగకుండా ఉన్న పాత బెల్ట్‌ని పారేయకుండా కవర్లో చుట్టి సామానులో పెట్టాను. దారిలో దాన్ని మార్చడం మనవల్ల కాదు. వేరియేటర్ నట్టు తీయాలంటే తిరగకుండా పట్టే పరికరం కావాలి, అది మెకానిక్ దగ్గరే ఉంటుంది. కానీ చిన్న ఊరి మెకానిక్ దగ్గర పరికరం ఉండి, మన బండి బెల్ట్ లేకపోవడమే ఎక్కువగా జరుగుతుంది. ఆ ఒక్క కారణానికే పాతదాన్ని మోశాను.

ఇంజను ఆయిల్ అందరూ మారుస్తారు. గేర్ ఆయిల్ మాత్రం మర్చిపోతారు. వెనక చక్రం పక్కనున్న గేర్‌బాక్స్‌లో ఉండేది 100-120 మి.లీ. మాత్రమే. అంత కొంచెం నూనె వేలాది కిలోమీటర్లు నలుగుతుంది. మాది తీస్తే బూడిద రంగులో వచ్చింది. ఖర్చు 80 రూపాయలు. ఇంజను ఆయిల్ స్థాయి చూసేటప్పుడు డిప్‌స్టిక్‌ని కొన్ని బండ్లలో మర తిప్పకుండా కేవలం దించి చూడాలి, కొన్నింటిలో తిప్పి చూడాలి. తప్పు పద్ధతిలో చూస్తే వంద మి.లీ. దాకా తేడా వస్తుంది. మాన్యువల్‌లో ఏముందో చూసి, సెంటర్ స్టాండ్ మీద, ఇంజను ఆపిన కొన్ని నిమిషాలకి చూడండి. ఎయిర్ ఫిల్టర్ నూనె పూసిన కాగితం రకం అయితే గాలి కొట్టి శుభ్రం చేయకూడదు, మార్చడమే. గాలి కొడితే ఆ నూనె పూత పోయి, దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. ఫిల్టర్ 250, స్పార్క్ ప్లగ్ 130, ఆయిల్ 420.

టాపెట్ సెట్టింగ్ (ఇంజను వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నటి సందుని సరిచేయడం) దగ్గర ఎదురైన సంగతి నేను ఊహించనిది. అది ఇంజను పూర్తిగా చల్లబడ్డాకే చేయాలి. పొద్దున్న బండి నడుపుకుంటూ షెడ్డుకి వెళ్తే వెంటనే చేయలేరు. వెంటనే చేసేస్తానని ఎవరైనా అంటే కొలత తప్పుగా వస్తుందని అర్థం. ముందురోజు సాయంత్రం బండి వదిలేసి, పొద్దున తొమ్మిదికి వెళ్లి దగ్గరుండి చేయించాను. సందు ఉండాల్సిన దానికంటే తక్కువైతే ఘాట్ ఎక్కేటప్పుడు వాల్వు సరిగా మూసుకోక బలం పోతుంది, వాల్వే కాలిపోవచ్చు. ఇద్దరితో, సామానుతో గంటలకొద్దీ నడిచే బండికి ఇది చిన్న విషయం కాదు.

బ్యాటరీని తేలిగ్గా తీసుకోకండి. స్కూటర్‌ని తోసి స్టార్ట్ చేయడం కుదరదు, ఇంజను తిరిగితే తప్ప క్లచ్ పట్టదు కాబట్టి చక్రం తిప్పినా ఇంజను తిరగదు. ఎఫ్‌ఐ బండిలో (కార్బురేటర్ లేకుండా, పెట్రోలుని పంపుతో ఇంజనులోకి చిమ్మే రకం) పెట్రోలు పంపుకి కూడా కరెంటు కావాలి. మల్టీమీటర్‌తో చూస్తే రాత్రంతా ఆగిన బండికి 12.4 వోల్టుల పైన, ఇంజను కొంచెం రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. మాది రెండూ సరిగ్గా వచ్చాయి. నాలుగేళ్లు దాటిన బ్యాటరీ అయితే చలికాలం ప్రయాణానికి ముందే మార్చేయడం నా సలహా.

డిసెంబరు 26న టైర్లు చూపించాం. పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ముందు టైరు అరుగు గుర్తుకంటే (అంతదాకా అరిగితే మార్చాలని చెప్పే గుర్తు) చాలా పైన ఉంది, పగుళ్లు లేవు, ఉంచేశాం. వెనక టైరు మధ్యలో చదునైపోయింది, మార్చాం. బిగింపుతో కలిపి 1,600. కొత్త టైరు మీద అచ్చులోంచి వచ్చిన జారుడు పూత ఉంటుంది, మొదటి 100-150 కి.మీ. మలుపుల్లో బండిని వంచకుండా, గట్టిగా బ్రేకు కొట్టకుండా నడపాలి. ప్రయాణం ముందురోజు టైరు మార్చకూడదనడానికి కారణం ఇదే. టైరు విప్పినప్పుడే గాలి మౌతులు రెండూ మార్పించండి. రబ్బరు మౌతు మొదలు దగ్గర పగిలి సన్నగా గాలి పోతుంటే పంక్చర్ కోసం టైరంతా వెతుకుతూ కూర్చోవాల్సి వస్తుంది. రెండూ కలిపి 80 రూపాయలు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం: ఇప్పటి 125 బండ్లలో చాలావాటికి ముందు చక్రం 12 అంగుళాలు, వెనకది 10. మా బండిది 90/90-12, 90/100-10 (చివరి సంఖ్య చక్రం అంగుళాలు). పాత యాక్టివాలకి రెండూ 10 అంగుళాలే, జూపిటర్‌కి రెండూ 12. ట్యూబ్‌లెస్ అయినా టైరు పక్కగోడ కోసుకుపోతే ట్యూబు వేసుకుని పక్క ఊరికి చేరాలి, అందుకు ఏ సైజు పెట్టుకోవాలి? బరువంతా వెనక మీదే కాబట్టి నేను 10 అంగుళాల ట్యూబు ఒకటే పెట్టుకున్నాను. వెనక చక్రం ఊడదీయాలంటే మా బండికి ముందు సైలెన్సర్ విప్పాలి: ఇంజను దగ్గర రెండు నట్లు, పక్కన బోల్టులు. మళ్లీ బిగించేటప్పుడు ఆ మూతి దగ్గరి గ్యాస్కెట్ నలిగి ఉంటుంది, ముప్పై రూపాయల కొత్తది ఒకటి పెట్టుకోవాలి. సైలెన్సర్ కాలిపోతూ ఉంటుంది కాబట్టి అరగంట ఆగక తప్పదు.

మామూలు మేకు పంక్చర్‌కి చక్రం తీయక్కర్లేదు. పంక్చర్ కిట్‌తో ఇంటి దగ్గరే పాత టైరు మీద సాధన చేయండి, పంక్చర్ షాపులో అడిగితే పారేసే టైరు ఇస్తారు. సూదికి దారం ఎక్కించి లోపలికి తోయడానికి ఎంత బలం కావాలో అప్పుడే తెలుస్తుంది. సైలెన్సర్ వైపు చెయ్యి పట్టదని, మేకు ఉన్న చోటు వెనక్కి వచ్చేలా చక్రం తిప్పుకోవాలని కూడా అప్పుడే అర్థమవుతుంది. గాలి పంపు విషయంలో కార్లకి వాడే 12 వోల్టుల రకం కొనకండి. దానికి ఎనిమిది పది ఆంపియర్లు కావాలి. స్కూటర్ బ్యాటరీ చిన్నది, ఛార్జింగ్ సాకెట్‌కి పెడితే ఫ్యూజ్ పోతుంది. సొంత బ్యాటరీ ఉన్న చిన్న పంపు 1,900కి తీసుకున్నాను. కిట్ 350. గాలి ఎంత పెట్టాలన్నది మాన్యువల్‌లోనో, బండి మీది స్టిక్కర్‌ మీదో ఉంటుంది. మాది ముందు 22, వెనక ఒక్కరికి 29, ఇద్దరికి 36 పీఎస్‌ఐ. బంకుల్లో అడగకుండానే ముందూ వెనకా ఒకటే కొట్టేస్తారు, దగ్గరుండి చెప్పాలి. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిస్తేనే లెక్క సరి.

జనవరి 4న నాగార్జునసాగర్ వెళ్లి వచ్చాం, ఇద్దరమే, సామాను లేకుండా. రానుపోను 300 కి.మీ. బెల్ట్, టైరు కుదురుకోవడానికి సరిపోయే దూరం. బండి హాయిగా నడిచింది. కానీ 60 దాటాక, ఆక్సిలరేటర్ వదిలి వేగం తగ్గేటప్పుడు హ్యాండిల్‌లో సన్నటి ఊపు. ఇది పట్టించుకోకుండా వెనక బరువు పెంచితే ప్రమాదం. షెడ్డులో బండిని సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఒకరు నొక్కి పట్టుకుంటే ముందు చక్రం గాలిలో లేస్తుంది. ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే కాళ్లు) కింది భాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే టక్‌మని ఆడింది. హ్యాండిల్ మెల్లగా తిప్పితే సరిగ్గా మధ్యలో చిన్న గాడిలో పడినట్టు ఆగింది. కోన్‌సెట్ (హ్యాండిల్ తిరగడానికి ఉండే బేరింగు) పోయిందన్నమాట. బిగిస్తే సరిపోతుందని మెకానిక్ అన్నాడు. గాడి పడ్డ కోన్‌ని బిగిస్తే హ్యాండిల్ ఇంకా మొరాయిస్తుంది, మార్పించాను. భాగం 700, కూలి 400. ముందు బాడీ మొత్తం విప్పాలి కాబట్టి పూటంతా పట్టింది. ఆ ఊపు పోయాక నాకు కలిగిన నిమ్మది చెప్పలేనిది. వెనక కూర్చునే మనిషి ప్రాణం కూడా మన చేతిలో ఉన్నప్పుడు ఇలాంటి అనుమానంతో హైవే ఎక్కకూడదు.

అదే రోజు వెనక బ్రేకు షూలు మార్చాం, 280. డ్రమ్ము లోపల పొడి తుడిపించి, లివరుకి మాన్యువల్ చెప్పినంత ఆట ఉంచి బిగించారు. మరీ బిగిస్తే షూ రాసుకుంటూ డ్రమ్ము వేడెక్కుతుంది. పది కిలోమీటర్లు నడిపి, డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. బ్రేకు కేబుల్, ఆక్సిలరేటర్ కేబుల్ కొత్తవి 350కి కొని, ఆక్సిలరేటర్ కేబుల్‌ని పాతదాని పక్కనే, దారంతా టేపుతో చుట్టించాను. తెగితే రెండు కొసలు మార్చుకుంటే చాలు, బాడీ విప్పే పని ఉండదు.

ఘాట్ కోసం బ్రేకుల గురించి ఇంకొంచెం చెప్పాలి. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, దారిలో అంతకంటే పైకి ఎక్కి దిగాలి. దిగేటప్పుడు గేర్ల బండిలా రెండో గేరులో పట్టి ఉంచే వీలు స్కూటర్‌కి లేదు. పైగా ఆక్సిలరేటర్ పూర్తిగా వదిలి వేగం 15-20కి పడిపోతే క్లచ్ విడిపోతుంది, ఇంజను పట్టు మొత్తం పోయి బండి బ్రేకుల మీదే జారుతుంది. అలాంటప్పుడు ఆక్సిలరేటర్ చిటికెడు ఇస్తే క్లచ్ మళ్లీ పడుతుంది, వదిలితే ఇంజను వెనక్కి లాగుతుంది. ఇది ముందే అలవాటు చేసుకోవాలి. పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి దిగడం ఎంతమాత్రం వద్దు. బ్రేకు పట్టి పట్టి ఉంచకుండా, మలుపు ముందు గట్టిగా పట్టి వదలాలి. లివరు మెత్తబడ్డట్టో, మాడిన వాసన వచ్చినట్టో అనిపిస్తే పక్కకి ఆపి పావుగంట చల్లారనివ్వాలి. వేడెక్కిన డ్రమ్ము మీద నీళ్లు పోయకూడదు. ఎక్కేటప్పుడు ఎస్.కోటలో (శృంగవరపుకోట) టాంకు నింపుకున్నాం.

జనవరి 11న యాదగిరిగుట్ట దాకా పూర్తి సామానుతో రెండో పరీక్ష. ఇది తప్పనిసరి. ముందు ఇంట్లో సామాను తూచాను. మా ఇద్దరి బరువు 130 దగ్గర, సామాను మొదట 19 కిలోలు వచ్చింది. మాన్యువల్‌లో చెప్పిన మొత్తం బరువులోకి రావాలంటే 12కి దించాల్సి వచ్చింది. చాలా కఠినంగా తీసేశాం. బరువైనవి ఎక్కడ పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. వెనక క్యారియర్ మీద, చక్రం దాటి బయటికి వేలాడే బరువు ముందు చక్రాన్ని తేల్చేస్తుంది, హ్యాండిల్ ఊపు మళ్లీ మొదలవుతుంది. అందుకే పానాలు, ట్యూబు, పంపు, నీళ్లు లాంటి బరువంతా కాళ్ల మధ్య ఫుట్‌బోర్డు మీద సంచిలో. బట్టలు మాత్రం వెనక. ముందు సంచి పెట్టాక హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిరుగుతోందా, కాలు దించడానికి చోటుందా చూసుకోవాలి. రబ్బరు తాళ్లు కుదుపులకి సాగి సామాను జరిగిపోతుంది. బకిల్ ఉన్న చదును బెల్టులే మంచివి, 400 అయ్యాయి. వేలాడే కొస ఏదీ వెనక చక్రంలోకి గానీ, కుడివైపు ఇంజను ఫ్యాను జాలీ దగ్గరికి గానీ వెళ్లకూడదు. ఆ జాలీకి వాన కవరు అంటుకుంటే ఇంజనుకి గాలి ఆడదు.

సీటు కింది డిక్కీ గురించి: కిందే ఇంజను, గంట నడిచాక లోపల పొయ్యి పక్కన పెట్టినంత వేడి. పవర్ బ్యాంకు, మందులు, బిళ్లలు అందులో వద్దు. వాన కోట్లు, కాగితాల జిరాక్సులు, గుడ్డలు సరిపోతాయి.

ఆ పరీక్షలో బయటపడింది హెడ్‌లైట్. ఇద్దరం కూర్చుని సామాను పెడితే వెనక దిగి, ముందు లేచి, డిప్పర్ వేసినా ఎదుటివాళ్ల కళ్లలో పడుతోంది. రోడ్డు మీద మాత్రం వెలుగు లేదు. సాయంత్రం గోడ ముందు ఖాళీ బండితో వెలుగు ఎక్కడ పడుతుందో గీత పెట్టి, తర్వాత ఇద్దరం సామానుతో కూర్చుని, హెడ్‌లైట్ స్క్రూ తిప్పి అదే గీతకి దించాం. ఖర్చు లేదు, పది నిమిషాల పని.

మైలేజీ కూడా అప్పుడే తేలింది. నగరంలో 45 ఇచ్చే బండి ఇద్దరితో, సామానుతో 60-65 వేగంలో, ఎదురుగాలిలో 42 ఇచ్చింది. టాంకు 5.3 లీటర్లు, లెక్కకి 220 కి.మీ. వస్తుంది. కానీ 130-150కే నింపాలని నియమం పెట్టుకున్నాం. ఎలాగూ ప్రతి 50-60 కి.మీ.కి ఆగాల్సిందే. నడుముకి, అంతకంటే ఎక్కువగా వెనక కూర్చున్న మనిషి మోకాళ్లకి ఆ విరామం కావాలి. ఎక్కడ ఆగాలన్నది మా ఆవిడే నిర్ణయించింది, అది మంచి పద్ధతి. నడిపేవాళ్లకి ఇంకొంచెం పోదామనే అనిపిస్తుంది.

కాగితాలకి ఒక పూట చాలు. డిజీలాకర్‌లో ఉన్న ఆర్‌సీ, లైసెన్సు చెల్లుతాయి, అయినా సిగ్నల్ లేని చోటు కోసం ఒరిజినల్స్ పట్టుకెళ్లాం. పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు ప్రయాణం మధ్యలో ముగుస్తుంటే ముందే కొత్తది తీసుకోండి. చలానాలుంటే కట్టేయండి. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే దారిలో బండి ఆగితే ఎవరూ రారు. రోడ్‌సైడ్ సాయం ఉందా, ఉంటే ఏ పరిధిలో అన్నది పాలసీలో చదవండి. హెల్మెట్లు ఇద్దరికీ ఐఎస్‌ఐ గుర్తువే, గీతలు పడ్డ అద్దం మార్పించాం. ఇది సోకు కాదు. పొద్దున హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్తుంటే సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉంటాడు, తిరుగుదారిలో సాయంత్రం ఎండ ఎడమ పక్కగా ముందు నుంచి పడుతుంది. గీతల అద్దంలో ఎండ చెదిరితే ముందున్న లారీ కనిపించదు.

జనవరిలో తెల్లవారుజామున నల్గొండ, సూర్యాపేట వైపు మంచు దట్టంగా ఉంటుంది. ఆగి ఉన్న లారీ పక్కదాకా వెళ్తే గానీ తెలియదు. అందుకే నాలుగింటికి బయలుదేరమన్న సలహాలు పక్కనపెట్టి ఏడున్నరకి బయలుదేరాం. ఔటర్ రింగు రోడ్డు మీదికి టూ వీలర్లని రానివ్వరు, ఇంటి నుంచి హైవే ఎక్కేదాకా దారి ముందురోజే చూసిపెట్టుకోండి. చలికి దళసరి స్వెటర్ ఒక్కటి చాలదు, గాలి దూరిపోతుంది. స్వెటర్ మీద వాన కోటు వేసుకుంటే గాలి ఆగిపోతుంది. అరకులోనూ అదే ఆదుకుంది. వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు లివరు సరిగా పట్టలేం కాబట్టి చేతి తొడుగులు ముఖ్యం.

బండికి, పనిముట్లకి అయిన మొత్తం ఖర్చు దాదాపు 8,500. సంచులు ఇంట్లో ఉన్నవే. ఇందులో సగానికి పైగా ఎప్పటికైనా చేయించాల్సిన పనులే.

తిరిగొచ్చాక మర్నాడే బండిని సెంటర్ స్టాండ్ వేసి చూశాను. వెనక క్యారియర్ బోల్టుల్లో రెండు, సైలెన్సర్ బోల్టు ఒకటి వదులయ్యాయి. వాటికి స్ప్రింగ్ వాషర్లు వేయించాను. మీరు బయలుదేరే ముందే వేయించండి. దారిలో కూడా రోజూ పొద్దున గాలితోపాటు ఈ బోల్టులు చేత్తో తడిమి చూసుకోండి. ఇంజను ఆయిల్ దాదాపు వంద మి.లీ. తగ్గింది, అంత దూరానికి అది మామూలే. అయినా దారిలో పోసుకోవడానికి అదే గ్రేడు ఆయిల్ పావు లీటరు సీసా వెంట ఉండాలి, చిన్న ఊళ్లలో ఆ గ్రేడు దొరకదు. వెనక బ్రేకు నట్టు రెండు చుట్లు బిగించాల్సి వచ్చింది, ఘాట్‌లో షూలు అంత అరిగాయి. పంక్చర్ కిట్ తెరవాల్సిన పని పడలేదు, పాత బెల్ట్ చుట్టిన కవరు చుట్టినట్టే తిరిగొచ్చింది. ఆ రెండూ ఇప్పుడు డిక్కీలోనే ఉంచేశాను.